మోగకూడని పెట్టె

మా ఇంట్లో పలికిన మొట్టమొదటి హైఫై స్పీకరు ఒక కుండ. 1983 ఎండాకాలంలో మా మామయ్య పాడైపోయిన వాల్వు రేడియోలోంచి అయిదంగుళాల స్పీకరు ఒకటి ఊడదీసి, మా నానమ్మ మంచినీళ్ళ కోసం సంతలో కొనుక్కొచ్చిన కొత్త కుండ మూతి మీద, అయస్కాంతం కుండలోకి దిగేటట్టు వెల్లకిలా కూర్చోబెట్టి, చుట్టూ సైకిలు ట్యూబు ముక్క బిగించాడు. తెనాలిలో మా ఇంటి వసారాలో జరిగిన ఆ ప్రయోగానికి నేనూ, నానమ్మ కోపమూ మాత్రమే సాక్షులం. అంతకు ముందు నేల మీద పెట్టి వాయిస్తే తగరపు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు కీచుమన్న ఆ స్పీకరే, కుండ మీదికి ఎక్కేసరికి విజయవాడ కేంద్రం వార్తలు చదివే మనిషి గొంతుకు ఛాతీ మొలిచినట్టు నిండుగా పలికింది. నానమ్మ కూడా ఒక నిమిషం విని, ‘సరే, ఇవాళ్టికి ఉండనివ్వండి’ అని లోపలికి వెళ్ళింది. కుండ మాత్రం మళ్ళీ నీళ్ళకు పనికిరాలేదు.

ఆ కుండ చేసిన పని ఏమిటో నాకు అర్థం కావడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. స్పీకరులోని కాగితపు కోను ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనకనున్న గాలి పలచబడుతుంది. తక్కువ పౌనఃపున్యాల దగ్గర, అంటే లోతైన స్వరాల దగ్గర, ఈ రెండు అలలూ అంచు చుట్టూ తిరిగి కలుసుకుని ఒకదాన్నొకటి మింగేస్తాయి, అందుకే విడి స్పీకరుకు గుండె ఉండదు. వెనక అలను ఎక్కడైనా బంధిస్తే ముందు అల మిగులుతుంది. 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ ఇంకో అడుగు ముందుకు వేసి, మూసిన పెట్టెలో బందీ అయిన గాలినే స్ప్రింగుగా వాడుకుని, చిన్న పెట్టెలోంచి లోతైన బేస్ తీయించాడు. మా మామయ్యకు విల్చర్ ఎవరో తెలియదు. గాలిని బంధించాలన్నది మాత్రం మృదంగం వాయించే చేతులకు ఎవరూ చెప్పనవసరం లేదు.

1989లో, ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో ఉండగా, ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో నా మొదటి జత స్పీకర్లు చేశాను. వాటి గురించి ఎక్కువ చెప్పడానికి సిగ్గేస్తుంది. పదంగుళాల వూఫర్లు, అంటే బేస్ పలికే పెద్ద స్పీకర్లు, కొన్న దుకాణంలో ‘బేస్ ఇరగదీస్తుంది’ అన్నారు, నేను నమ్మాను. అర అంగుళం ప్లైవుడ్డుతో, కంటికి ఎంత బాగుంటే అంత కొలతతో పెట్టెలు చేయించి, ముందువైపు అరచేయంత కన్నం పెట్టి, పైన నల్లటి సన్‌మైకా అతికించాను. అవి నిజంగానే ఇరగదీశాయి. ఏ పాట పెట్టినా, ఏ తాళం నడిచినా, బేస్ అంతా ఒకే శ్రుతిలో గుమ్ గుమ్ అంటూ కిటికీ రెక్కలు అదిరేవి. స్నేహితులందరూ మెచ్చుకున్నారు. మామయ్య ఒక్కడే మృదంగం క్యాసెట్టు సగం విని, ‘ఒరేయ్, ఈయన ఎడమచెయ్యి ఎటు తిప్పినా ఒకే మాట అంటున్నాడేమిట్రా? తొప్పి మీద ఇన్ని పలుకులుంటాయి, అన్నీ ఏమైపోయాయి?’ అని అడిగాడు. తొప్పి అంటే మృదంగం ఎడమవైపు తోలు. పెట్టె పక్కగోడ మీద చెయ్యి పెట్టి చూస్తే, పాటతోపాటు అది కూడా పాడుతోంది.

ఆ ప్రశ్నకు జవాబు 1991లో పోస్టులో వచ్చింది. మద్రాసులో చదువుకుంటున్న స్నేహితుడొకడు అక్కడి గ్రంథాలయంలో దొరికిన పరిశోధన పత్రాలను జిరాక్సు తీసి లావుపాటి కవరులో పంపాడు. ఆస్ట్రేలియాకు చెందిన నెవిల్ థీల్ 1961లోనే ప్రచురించినా, పదేళ్ళ తరువాత అమెరికాలో పునర్ముద్రణ అయ్యేదాకా పెద్దగా ఎవరికీ పట్టని పత్రం, దాన్ని మూసిన పెట్టెలకూ కన్నం పెట్టెలకూ విస్తరిస్తూ సిడ్నీ విశ్వవిద్యాలయం నుంచి రిచర్డ్ స్మాల్ రాసిన వరుస పత్రాలు అందులో ఉన్నాయి. వాళ్ళు చెప్పినదాని సారం ఏమిటంటే, ఏ వూఫరుకైనా మూడు అంకెలు తెలిస్తే దానికి తగిన పెట్టె ఎన్ని లీటర్లో కాగితం మీదే లెక్క కట్టవచ్చు: అది స్వేచ్ఛగా ఊగే సహజ పౌనఃపున్యం, ఆ ఊపు ఎంత త్వరగా అణగుతుందో చెప్పే అంకె, దాని అంచుల మెత్తదనం ఎన్ని లీటర్ల గాలి మెత్తదనంతో సమానమో చెప్పే అంకె. మా ఊళ్ళో పెట్టె కొలతను వూఫరు సైజును బట్టో, కొనేవాడి గది గుమ్మాన్ని బట్టో నిర్ణయించే రోజుల్లో అది నాకు జాతకం చూడడం వచ్చినంత గొప్పగా అనిపించింది.

ఆ సంక్రాంతి సెలవుల్లో రాత్రి బస్సెక్కి హైదరాబాదు వెళ్ళాను. కోఠీలోని గుజరాతీ గల్లీలో ఆ రోజుల్లో దొరకని విడిభాగం లేదని మాకు నమ్మకం. రెసిస్టర్లు పప్పుల్లా గిద్దలతో కొలిచి అమ్ముతారని మా హాస్టల్లో చెప్పుకునేవారు, అంత కాదు గానీ దాదాపు అంతే. రెండు ఎనిమిదంగుళాల వూఫర్లు, జిలుగు స్వరాలు పలికే ఒక అంగుళం గుడ్డ డోము ట్వీటర్లు రెండు కొని, బస్సులో పసిపిల్లల్లా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. వాటితో ఏ కాగితమూ రాలేదు, అంకెలూ రాలేదు. నేనే కొలవాలి.

మాస్టారు సంతకం మీద కాలేజీ ప్రయోగశాల నుంచి, కోరిన పౌనఃపున్యంలో సంకేతం పుట్టించే ఫంక్షన్ జనరేటరు రెండు రోజులకు తెచ్చుకున్నాను. స్పీకరు చుట్టుపక్కల గోడ గాని నేల గాని ఉండకూడదు కాబట్టి, నట్టింట్లో ఉయ్యాలబల్ల విప్పి, ఆ కొక్కేనికి వూఫరును తాడుతో వేలాడదీశాను. 1,000 ఓముల రెసిస్టరు గుండా దానికి సంకేతం పంపుతూ, పౌనఃపున్యాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోతే, ఒకచోట మీటరు ముల్లు ఎగసి మళ్ళీ పడిపోతుంది. ఆ శిఖరమే దాని సహజ పౌనఃపున్యం. నా వూఫరుకు అది 38 హెర్ట్జ్ దగ్గర వచ్చింది. ఇక కోను ఎంత బరువుందో తెలియాలి, దాన్ని కోసి తూచలేము గదా. తెలిసిన బరువును కోను మీద అతికించి, పౌనఃపున్యం ఎంత దిగుతుందో చూస్తే అసలు బరువు లెక్కకు వస్తుంది. నాణేలు అతికిద్దామంటే, ఉక్కు నాణెం అయస్కాంతం దగ్గర తన బరువుకు మించి లాగుతుంది. అందుకని అమ్మ చపాతీలకు కలిపిన గోధుమపిండిలోంచి ఒక ముద్ద తీసుకుని, వీధి చివర కంసాలి దగ్గరికి వెళ్ళి, సరిగ్గా 10 గ్రాములు తూచమన్నాను. ఆయన త్రాసులో గింజలు సర్దుతూ, ‘దీంతో ఏం నగ చేయిస్తావు బాబూ?’ అని అడిగాడు.

ఆ పిండిని సన్నగా పాము చేసి, కోను నడుమనున్న మూత చుట్టూ వలయంగా అతికిస్తూ ఉండగా మామయ్య వచ్చాడు. భుజాన మృదంగం సంచీ ఉంది, ఆ సాయంత్రం రామాలయంలో భజన. నేను చేస్తున్న పని కాసేపు చూసి, ఏమీ అడగకుండా ఉయ్యాల గొలుసు పట్టుకుని నిలబడ్డాడు. జనరేటరు తిప్పాను. శిఖరం 38 నుంచి 31 హెర్ట్జ్‌కు దిగింది. ‘దిగింది మామయ్యా’ అన్నాను. ‘దిగక ఏమవుతుంది? తొప్పికి రవ్వ పెట్టావుగా’ అన్నాడు. నేను ఆ మాట అర్థం కాక చూస్తే, సంచీ విప్పి మృదంగం బయటికి తీసి, ఎడమవైపు పొడి తోలు మీద ఒకసారి కొట్టాడు. చెక్క కొట్టినట్టు పేలవంగా పలికింది. తరువాత వంటింట్లోంచి గుప్పెడు బొంబాయి రవ్వ తెప్పించి, నీళ్ళతో పిసికి, తోలు నడుమ రొట్టెలా అద్ది, మళ్ళీ కొట్టాడు. ఈసారి బావిలోంచి వచ్చినట్టు లోతుగా మోగింది. ఇంకాస్త రవ్వ అద్దితే ఇంకాస్త కిందికి దిగింది. ప్రతి కచేరీకీ ముందు అద్ది, అయిపోయాక గీకి పారేసే ఆ రవ్వముద్దతో మామయ్య ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పనికి సూత్రం నా చేతిలోని జిరాక్సు కాగితంలో ఉంది. బరువు పెరిగితే ఊపు నెమ్మదిస్తుంది, ఎంత నెమ్మదించిందో తెలిస్తే అసలు బరువు తెలుస్తుంది. 38ని 31తో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేసి, ఒకటి తీసేస్తే సుమారు అర. 10 గ్రాములను ఆ అరతో భాగిస్తే కదిలే బరువు 20 గ్రాములు. ఆ ఇరవై గ్రాములే గదిలోని గాలినంతా కదిలిస్తాయని మామయ్యకు చెబితే, ‘మా తోలు కూడా అంతేరా’ అన్నాడు.

మిగతా లెక్క ఆ రాత్రే తేలింది. అంచుల మెత్తదనం 58 లీటర్ల గాలితో సమానం, అణగుదల అంకె 0.42. మూసిన పెట్టెలో పెడితే ఆ అంకె 0.707 దగ్గర నిలవాలి. పెట్టె మరీ చిన్నదైతే అంకె పెరిగి, నా మొదటి జతలాగా బేస్‌లో ఒకచోట మూపురం లేస్తుంది. మరీ పెద్దదైతే బేస్ ముందునుంచే సన్నగిల్లుతూ పోతుంది, కోనుకు పట్టు తగ్గుతుంది. నా వూఫరుకు తగిన పెట్టె 32 లీటర్లని, అందులో అది 64 హెర్ట్జ్ దాకా నిబ్బరంగా పలికి, ఆ కిందికి మెల్లగా జారుతుందని వచ్చింది. కన్నం పెడితే ఇంకా కిందికి పోవచ్చు గానీ, కన్నాలంటే నాకు అప్పటికే భయం పట్టుకుంది.

పెట్టెలు చేసింది మా వీధి ఆచారిగారు. ద్వారబంధాలు, కిటికీలు, పూర్వం భోషాణాలు చేసిన చేతులు ఆయనవి. లోపలి కొలతలు 24, 28, 48 సెంటీమీటర్లని కాగితం ఇస్తే, ఆయన దాన్ని పక్కన పెట్టి తన బద్ద మీద అంగుళాలు, నూళ్ళలోకి మార్చుకున్నారు. నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. 48 అంటే పద్దెనిమిది అంగుళాల ఏడు నూళ్ళు. అడితిలో ముప్పావు అంగుళం ప్లై ఎంచేటప్పుడు కూడా అంచు చూసి, వేలితో గీరి, పొరల మధ్య ఖాళీలున్న పలకలను నెట్టేశారు. పని సగంలో ఉండగా ఆయనకు అనుమానం వచ్చింది. ‘బాబూ, ఈ పెట్టెకు తలుపు ఎక్కడ పెట్టమంటారు?’ తలుపు లేదన్నాను. ‘మరి లోపల ఏం దాస్తారు?’ గాలి అన్నాను. ఆయన చుట్ట వెలిగించి, ‘కానివ్వండి’ అన్నారు.

స్పీకరు కూర్చునే గుండ్రటి కన్నానికి మా ఊళ్ళో విద్యుత్ రంపం లేదు. మేకుకు దారం కట్టి, దారం కొసకు పెన్సిలు కట్టి వృత్తం గీసి, ఆ గీత లోపలి అంచున బర్మాతో వరసగా కన్నాలు వేసి, వాటి మధ్య ఉలితో తెగగొట్టి, ఆకురాయితో నునుపు చేశారు. ఒక్కో కన్నానికి ఒక పూట పట్టింది. మూలలన్నిటా ఫెవికాల్ పూసి బద్దలు బిగించారు, నేను రంపపు పొట్టును ఫెవికాల్‌లో కలిపి సందులన్నీ మెత్తాను. అన్నీ అయ్యాక ఆయన అలవాటుగా వేలి కణుపుతో పక్కగోడ తట్టారు. ‘ఖంగున పలుకుతోంది, మంచి పని’ అని తృప్తిగా నవ్వారు. నాకు గుండె జారిపోయింది. కుండ కొన్నా, మృదంగానికి పనసమొద్దు ఎంచినా, తలుపు చేసినా, తట్టినప్పుడు మోగడమే మంచితనానికి గుర్తుగా నడిచిన ఊరు మాది, నాకు కావలసింది మాత్రం తడితే మూగగా ఉండే పెట్టె. గోడ మోగితే ఆ మోత పాటలో కలిసి, వీణకూ వయొలినుకూ ఒకే చెక్క వాసన అంటిస్తుందని చెప్పడానికి చాలాసేపు తంటాలు పడ్డాను. చివరికి ఆయనే, ‘అంటే, బండి ఇరుసు కిర్రుమనకూడదన్నట్టు’ అని దారి చూపి, ఎదురెదురు గోడలను కలుపుతూ నడుమ కంటే కాస్త పైకి అడ్డబద్ద ఒకటి బిగించారు. సరిగ్గా నడుమ పెడితే గోడ రెండు సమాన భాగాలై రెండూ ఒకే శ్రుతిలో మోగుతాయని నేను చెప్పకముందే ఆయన జరిపి పెట్టారు. ఎందుకని అడిగితే, తలుపు అడ్డకమ్మి ఎప్పుడూ నడుమ పెట్టము అన్నారు. మళ్ళీ తట్టారు. ఈసారి ‘డబ్’ మని, మూట మీద కొట్టినట్టు వినిపించింది. ఆయన ముఖంలో మాత్రం ఏదో పోగొట్టుకున్న భావం.

(బీబీసీ వాళ్ళు తమ చిన్న స్పీకర్లకు 12 మిల్లీమీటర్ల బిర్చ్ ప్లైని వాడి, లోపల మోతను అణిచే బరువైన పట్టీలు అతికించి, పలచటి గోడతోనే ఇంకా చక్కని ఫలితం సాధించారని చాలా ఏళ్ళ తరువాత చదివాను. మందం ఒక్కటే దారి అనుకున్న నా మొండితనం వల్ల ఒక్కో పెట్టె మోయడానికి ఇద్దరు కావలసి వచ్చింది.)

లోపల నింపడానికి గ్లాసు ఉన్ని దొరికినా, దాని దురద పడలేక, పాత దిండ్లలోని బూరుగు దూది విదిలించి వదులుగా పరిచాను. లోపలి ప్రతిధ్వనిని మింగడంతోపాటు అది పెట్టెను కొంచెం పెద్దదన్నట్టు వూఫరును నమ్మిస్తుంది. గాలి ఎక్కడైనా కారుతోందేమో తెలుసుకోవడానికి అగరొత్తి వెలిగించి, కోను ఊగుతుండగా అంచుల వెంట తిప్పాను. తీగెలు బయటికి వచ్చే చోట పొగ తోకలా ఊగింది, అక్కడ లప్పం పెట్టాను. ఆ తరువాత కోనును వేళ్ళతో మెల్లగా నొక్కి వదిలితే, నిట్టూర్పు విడిచినట్టు తాపీగా వెనక్కి వచ్చింది.

ఇక స్వరాలను పంచే క్రాసోవర్. వూఫరు, ట్వీటరు 3,000 హెర్ట్జ్ దగ్గర చేతులు మార్చుకోవాలి. లింక్‌విట్జ్, రైలీ అనే ఇద్దరు ఇంజనీర్ల పద్ధతిలో లెక్క కడితే, 8 ఓములకు ఒక్కో శాఖకూ 0.85 మిల్లీహెన్రీ కాయిలు ఒకటి, 3.3 మైక్రోఫారడ్ కెపాసిటరు ఒకటి కావాలి. వూఫరు శాఖకూ ట్వీటరు శాఖకూ అవే విలువలు రావడం నాకు ఎంతో కలిసివచ్చింది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఈ పనికి నాకు నచ్చలేదు. మంచి ఫిల్మ్ కెపాసిటర్లు ఆ విలువలో కోఠీలో కూడా దొరకలేదు. అవి మా నెత్తి మీదే తిరుగుతున్నాయని ఆలస్యంగా తట్టింది. సీలింగు ఫ్యానుకు వేసే కెపాసిటరు లోపల పాలీప్రొపిలీన్ ఫిల్మే, విలువ 3.15 మైక్రోఫారడ్లు, 440 వోల్టులకు తట్టుకుంటుంది. నాలుగు ఇమ్మంటే, ఎలక్ట్రికల్ దుకాణం యజమాని సానుభూతిగా, ‘నాలుగు ఫ్యాన్లూ ఒకేసారి పోయాయా?’ అని అడిగి రూపాయి తగ్గించాడు.

కాయిళ్ళు మోటారు వైండింగు షాపులో చుట్టించాను. అక్కడ రాగితీగె కిలోల లెక్కన అమ్ముతారు. 25 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పైపు ముక్కల మీద 18 గేజి తీగెను 190 చుట్లు చుట్టితే ఒక కాయిలు అవుతుంది, దానికి పావుకిలోకు కాస్త తక్కువ పడుతుంది. మధ్యలో ఇనుప ముక్క పెడితే తీగె సగం మిగులుతుందని వైండరు పదేపదే నచ్చచెప్పాడు. అది నిజమే, కానీ శబ్దం పెరిగినప్పుడు ఇనుము అయస్కాంతత్వంతో నిండిపోయి పాటను వంకర చేస్తుంది. చెక్కపలక మీద ఆ కాయిళ్ళను ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా, ఒకదాని గాలి ఒకదానికి తగలకుండా బిగించాను. ట్వీటరు గొంతు వూఫరు కంటే హెచ్చుగా ఉంది కాబట్టి, 2.2 ఓముల రెసిస్టరు వరసలో, 18 ఓములది అడ్డంగా వేసి మూడు డెసిబెల్‌లు తగ్గించాను.

మొదటి రోజు నిరాశే మిగిలింది. బేస్ బాగుంది, జిలుగు స్వరాలు బాగున్నాయి, మధ్యలో ఏదో లేదు. మామయ్య ఈమని శంకరశాస్త్రి వీణ విని, ‘మీటు దగ్గరగా ఉంది, తీగె దూరమైపోయింది’ అన్నాడు. ఒకటిన్నర వోల్టు బ్యాటరీ తగిలించి వూఫర్లు రెండూ ఒకేవైపు కదులుతున్నాయని చూసుకున్నాను. కారణం తట్టడానికి రెండు రాత్రులు పట్టింది. ఎర్ర తీగె ఎర్ర చుక్కకే కలపాలన్న బడిపిల్లవాడి క్రమశిక్షణతో ట్వీటరును కలిపాను గానీ, ఈ రకం క్రాసోవర్‌లో చేతులు మారే చోట రెండు శాఖల అలలూ సరిగ్గా ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి, ట్వీటరు తీగెలను తారుమారు చేస్తేనే అవి కలిసి నడుస్తాయి, లేకపోతే అచ్చంగా కుండ లేని స్పీకరులాగే ఒకదాన్నొకటి మింగేస్తాయి. 3,000 హెర్ట్జ్ స్వరం పెట్టి పెట్టె ముందు కూర్చుని వింటే ఎక్కడో పక్కింట్లోంచి వస్తున్నట్టుంది. తీగెలు తిప్పాను. స్వరం ముక్కుకు తగిలేంత దగ్గరికి వచ్చింది.

ఆ సాయంత్రం మామయ్యకు మళ్ళీ మృదంగం క్యాసెట్టు పెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని, తన ఎడమచేతి మణికట్టును మోకాలి మీద జార్చుతూ విన్నాడు. తొప్పి మీద గుంకీ జారినప్పుడల్లా స్వరం ఎక్కడ మొదలై ఎక్కడికి ఎక్కిందో ఆయన చెయ్యి చూపిస్తోంది. మృదంగం ఒక్కటే పలికే తని ఆవర్తనం అయ్యాక, ‘రవ్వ కొంచెం ఎక్కువ పెట్టుకున్నాడు’ అన్నాడు. అంతకు మించిన ప్రశంస నాకు ఆ తరువాత ఉద్యోగంలో కూడా రాలేదు.

ఆ జత ఇప్పుడు హైదరాబాదులో మా ఇంట్లో ఉంది. కోను చుట్టూ ఉండే నురుగు అంచులు కోస్తా చెమ్మకు పొడిపొడిగా రాలిపోతే 2014లో విప్పాను. లోపల బూరుగు దూది పసుపెక్కి ఉంది, అడ్డబద్ద మీద ఆచారిగారు పెన్సిలుతో వేసుకున్న నూళ్ళ గుర్తులు చెక్కుచెదరలేదు. కోను మీద మూత చుట్టూ, గోధుమపిండి అతికించిన చోట, లేత వలయం ఇంకా కనిపిస్తోంది. కొత్త అంచులు అతికించిన కుర్రవాడు దాన్ని మరకనుకుని తుడవబోతే ఆపాను. కొత్త అంచు పాతదంత మెత్తగా లేదు, సహజ పౌనఃపున్యం 41 హెర్ట్జ్‌కు చేరింది. ఇప్పుడు కొలవడానికి ల్యాప్‌టాపు చాలు, జనరేటరు అరువు తెచ్చుకోనక్కరలేదు. వంటింట్లోకి వెళ్ళి డిజిటల్ త్రాసు మీద గిన్నె పెట్టి, సున్నా చేసి, పొయ్యి దగ్గరున్న మా ఆవిడను పది గ్రాముల పిండి అడిగాను. ఒక్క కోనుకా, రెండింటికా అని అడిగింది.